బానెట్‌కి అవతల

2023 వేసవిలో నేను చదివినదంతా కార్ల గురించే. మంచం పక్కన బల్ల మీద సగంలో ఆపిన నవల ఒకటి బోర్లా పడి ఉండేది. నేను మాత్రం రాత్రి పన్నెండింటికి, పాప నిద్రపోయాక, అటు తిరిగి పడుకుని, ఎవరో ఒకాయన బిఎమ్‌డబ్ల్యూ ఎక్స్1 వెనక సీటు గురించి ఇరవై నిమిషాలు మాట్లాడుతుంటే వింటూ ఉండేదాన్ని. ఆయన తొడ కింద సపోర్టు సరిపోలేదన్నాడు. తొడ కింద సపోర్టు అనేది ఒకటుంటుందని ముప్ఫై నాలుగేళ్ళు వచ్చేదాకా నాకు తెలీదు. తెలిశాక మాత్రం అది లేకుండా బతకడం కుదరదనిపించింది.

మేం చూస్తున్నవి నాలుగు. ఎక్స్1, ఆడి క్యూ3, బెంజ్ జీఎల్ఏ, వోల్వో ఎక్స్‌సీ40. వీటన్నిటినీ కలిపి కాంపాక్ట్ లగ్జరీ ఎస్‌యూవీ అంటారు. ఆ పేరే చూడండి. కాంపాక్ట్ అంటే చిన్నది, లగ్జరీ అంటే దర్జా, ఎస్‌యూవీ అంటే అడవులూ కొండలూ ఎక్కేది. మా కారు ఎక్కబోయేది మహా అయితే అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు. అయినా ఆ మూడు మాటల్లో మధ్యతరగతి కోరికలన్నీ ఉన్నాయి: పార్కింగ్‌లో పట్టాలి, చుట్టాలకి కనపడాలి, నలుగురి కంటే ఎత్తులో కూర్చోవాలి.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. రెండు వస్తువుల్ని పక్కపక్కన పెట్టి తేడా పట్టుకోమంటే జీతం తీసుకోకుండా కూడా చేస్తాను. కాబట్టి ఎక్సెల్ షీట్ తయారైంది. అడ్డంగా నాలుగు కార్లు, నిలువుగా ముప్ఫై ఒక్క వరస. ఇంజను, మైలేజీ, డిక్కీ, సన్‌రూఫ్, గ్రౌండ్ క్లియరెన్స్, స్టెప్నీ ఉందా లేదా, సర్వీసుకి ఏడాదికెంత. షీట్ పెరిగే కొద్దీ విచిత్రాలు బయటపడ్డాయి. ఎక్స్1 పెట్రోలుకి ఉన్నది ఒకటిన్నర లీటర్ల మూడు సిలిండర్ల ఇంజను. జీఎల్ఏ 200లో ఉన్న 1.3 లీటర్ల ఇంజను బెంజ్ వాళ్ళు రెనో వాళ్ళతో కలిసి చేసుకున్నది. క్యూ3కి రెండు లీటర్ల ఇంజను, నాలుగు చక్రాలకీ పవరు. అన్నీ షోరూమ్ ధర నలభై అయిదు లక్షలకి కాస్త అటూ ఇటూ. దాని మీద తెలంగాణలో అప్పట్లో లైఫ్ టాక్స్ 18 శాతం ఉండేది, అంటే ఎనిమిది లక్షల పైమాటే. మా తమ్ముడు నల్లగొండలో నడుపుతున్న కారు కొత్తప్పుడు కూడా అంత లేదు. ఈ లెక్క మాత్రం షీట్‌లో వేరే ట్యాబ్‌లో పెట్టాను, నాయిన కంట పడకుండా.

ఒక సంగతి అప్పట్లో అర్థం కాలేదు. ఏ కారుకి ఆ కారు విడిగా నడిపినప్పుడు నాకు నచ్చింది. నాలుగూ నచ్చాయి. ఇంటికొచ్చి షీట్ తెరిస్తే ఏదీ నచ్చేది కాదు. ఒకదానికి డిక్కీ తక్కువ, ఒకదానికి హార్స్ పవర్ తక్కువ, ఒకదానికి స్క్రీన్ పాతది.

క్రిస్టఫర్ సీ అనే పరిశోధకుడు 1996లో ఒక ప్రయోగం గురించి రాశాడు. పాత పుస్తకాల షాపులో సంగీత నిఘంటువులు రెండున్నాయి అనుకోండి. ఒకదాంట్లో పదివేల పదాలు, అట్ట కొత్తదానిలా ఉంది. రెండోదాంట్లో ఇరవై వేల పదాలు, కానీ అట్ట చిరిగింది. ఒక్కొక్కటే విడిగా చూపిస్తే జనం అట్ట బాగున్నదానికే ఎక్కువ డబ్బు పెడతామన్నారు. రెండూ పక్కపక్కన పెడితే ఇరవై వేల పదాలున్నదానికి పెడతామన్నారు. పదివేల పదాలంటే ఎక్కువో తక్కువో విడిగా చూస్తే ఎవరికీ తెలీదు, పక్కన ఇంకో అంకె ఉంటేనే తెలుస్తుంది. నిఘంటువు విషయంలో అది మంచిదే, పదాల కోసమే కదా కొంటాం. కానీ నాకు దీంట్లో భయపెట్టినది వేరే. పక్కపక్కన పెట్టగానే అంకె ఉన్నదల్లా గట్టిగా మాట్లాడుతుంది. అంకె లేనిది నోరు మూసుకుంటుంది. అసలు వరసే లేనిదాని సంగతి ఇక అడగనక్కర్లేదు.

ముప్ఫై ఒక్క వరసల్లో తొమ్మిది సేఫ్టీవి. పాపకి నాలుగేళ్ళు. "పాప ఉంది కదా, సేఫ్టీ చూస్కో" అని ఆఫీసులో టీ తాగేటప్పుడు అడగకపోయినా అందరూ చెప్పారు. ఎయిర్‌బ్యాగులెన్ని, పిల్లల సీటు బిగించే కొక్కేలున్నాయా, బాడీ ఎంత గట్టిది. ఆ తొమ్మిదీ నింపుతున్నప్పుడు నన్ను నేను మంచి తల్లిననుకున్నాను. ఇప్పుడూ అదే అనుకుంటున్నాను, అది తప్పేం కాదు.

*

మే మొదటి వారంలో నాయిన వచ్చాడు, కంటి ఆపరేషన్ కోసం. మా నాయిన రిటైరైన తెలుగు మాస్టారు. ఎడం చేతిలో కర్ర ఉంటుంది.

ఆ కర్ర కథ ఇది. 1996లో నాయిన పనిచేసే బడి నకిరేకల్‌కి ఇవతల, హైవేని ఆనుకుని ఉండేది. అప్పుడు దాన్ని తొమ్మిదో నంబరు అనేవాళ్ళు, ఇప్పుడు అరవై అయిదు. నాలుగు లేన్లు కాలేదింకా. నాయిన సైకిల్ మీద వెళ్ళొచ్చేవాడు. ఒక సాయంత్రం వెనక నుంచి ఒక కారు తాకింది. తెల్ల రంగుది అన్నారు, అంతే. ఆగలేదు. నాయిన రోడ్డు పక్క గుంతలో పడి ఉంటే పొలం నుంచి వస్తున్నవాళ్ళు చూసి ఎడ్లబండి మీద తెచ్చారు. కుడి తొడలో స్టీలు రాడ్. అమ్మ పుస్తెలతాడు కుదువ పెట్టడం, అది నాలుగేళ్ళు తిరిగి రాకపోవడం నాకు గుర్తున్నాయి. సైకిల్ మాత్రం బాగుచేయించారు. తర్వాత దాని మీదే నేను తొక్కడం నేర్చుకున్నాను. ఎంత నేరుగా పెట్టినా హ్యాండిల్ కొంచెం ఎడమకి లాగేది.

ఇలాంటి నాయినకి షీట్ చూపించడానికి నాకు మొహమాటమేసింది. డబ్బు సంగతి ఒక్కటే కాదు. ఏదో ఒకటి అంటాడనుకున్నాను. కళ్ళద్దాలు పెట్టుకుని లాప్‌టాప్ దగ్గరికి లాక్కుని పరీక్ష పేపర్లు దిద్దినట్టు మొత్తం చదివాడు. చదివి, "అన్నిట్ల ఎత్తుది ఏది?" అన్నాడు.

చెప్పాను.

"అదే తీస్కో బిడ్డా. ఏం తాకినా లోపలోళ్ళకు ఏం గాదు."

అంతే. రిమోట్ అందుకుని వార్తలు పెట్టుకున్నాడు.

*

ఇప్పుడు షోరూమ్‌కి మనం వెళ్ళనక్కర్లేదు, టెస్ట్ డ్రైవ్ కారు ఇంటికే తెస్తారు. ఒక ఆదివారం పొద్దున సెల్లార్లోకి వచ్చింది. నాలుగిట్లో ఏదో చెప్పను, ఎందుకంటే తర్వాత కొలిస్తే మిగతావీ అంతే ఉన్నాయి. షోరూమ్ అబ్బాయి పక్క సీట్లో కూర్చున్నాడు. మా ఆయనా పాపా వెనక. నాయిన లిఫ్ట్ దగ్గర నిలబడి చూస్తున్నాడు. నేను ఎత్తుకి సీటు సరిచేసుకుని, అద్దాలు చూసుకుని, బ్రేక్ మీద కాలు పెట్టి బటన్ నొక్కాను. ఇంజను స్టార్టయిందో లేదో కూడా తెలియనంత నిశ్శబ్దం. షీట్‌లో దానికి పదికి పది వేశాను మనసులోనే. గేర్ డ్రైవ్‌లోకి వేశాను.

"ఆగు!"

మా నాయిన పాఠం చెప్పే గొంతు అది. ముప్ఫై ఏళ్ళు వెనక బెంచీ దాకా వినపడిన గొంతు. కాలు బ్రేక్ మీంచి తీయలేదు కాబట్టి కారు కదల్లేదు. ఏమైందో నాకు కనపడలేదు. ఎదురుగా ఖాళీ సెల్లారే.

నాయిన కర్ర ఠకఠకలాడించుకుంటూ వచ్చి బానెట్ ముందు వంగి, వాచ్‌మన్ చిన్నకొడుకుని రెక్క పట్టి లేపాడు. వాడికి మూడేళ్ళుంటాయి. కారు ముందు గొంతుకూర్చుని, మెరుస్తున్న గ్రిల్‌లో తన మొహం చూసుకుంటున్నాడు. లేపగానే ఏడవలేదు కూడా. నవ్వాడు.

"ఫ్రంట్ కెమెరా ఉంది మేడమ్, టాప్ వేరియంట్‌లో" అన్నాడు షోరూమ్ అబ్బాయి. వాడిని తప్పు పట్టను. వాడు కూడా వణికాడు, ఏదో ఒకటి అనాలి కదా. మేం చూస్తున్నది టాప్ వేరియంట్ కాదు, షీట్‌లో నేనే కొట్టేశాను, డబ్బుకి తగ్గ విలువ లేదని పక్కన నోట్ కూడా రాసుకుని.

ఏమీ జరగలేదు. అది గుర్తుపెట్టుకోండి, ఏమీ జరగలేదు. టెస్ట్ డ్రైవ్‌కి కూడా వెళ్ళొచ్చాం.

సాయంత్రం నాయిన పాప పలక డబ్బాలోంచి సుద్దముక్క తీసుకుని సెల్లార్లోకి రమ్మన్నాడు. మా పాతకారు, ఏడేళ్ళ హ్యాచ్‌బ్యాక్, అందులో నన్ను కూర్చోబెట్టాడు. పాపని ముందు గొంతుకూర్చోమని, జుట్టు కనపడేదాకా వెనక్కి జరుగుతూ పొమ్మన్నాడు. కనపడిన చోట గీత గీశాడు. ముందు బంపర్ నుంచి నాలుగడుగులు. మర్నాడు షోరూమ్‌కి వెళ్ళినప్పుడు, వాళ్ళేమనుకున్నా సరే అని, కొత్తదాంట్లో కొలిపించాను. ఆరడుగులకి కొంచెం తక్కువ. నేను పొట్టిదాన్ని, పొడుగువాళ్ళకి ఇంకొంచెం దగ్గరగా కనపడుతుంది.

నిజం చెప్పాలంటే, ఇక్కడ నేను అనుకున్న కథ దెబ్బతింది. ఎత్తు కారు రాక్షసి, చిన్నకారు సాధువు అని తేలుతుందనుకున్నాను. రెండడుగుల తేడా తేలింది. తేడా ఉంది, కానీ నా పాతకారు ముందు కూడా నాలుగడుగుల చీకటి ఉంది. ఏడేళ్ళు దాన్ని రోజూ అదే సెల్లార్లోంచి తీశాను. ఎప్పుడూ కొలవలేదు. కొలవాలని తోచలేదు. డిక్కీలో ఎన్ని లీటర్లు పడతాయో మాత్రం చెప్పగలను.

*

ఆ మే నెలలోనే, హైదరాబాద్ శివార్లలో, ఒక అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో మూడేళ్ళ పాప మీంచి కారు వెళ్ళిపోయింది. తల్లి పక్కన కడుతున్న బిల్డింగ్‌లో కూలి పనికి వచ్చింది. ఎండ భరించలేక, నీడగా ఉందని పాపని పార్కింగ్‌లో పడుకోబెట్టి పనికెళ్ళింది. కారు పార్క్ చేయడానికి వచ్చింది. సీసీ కెమెరా వీడియో అందరి ఫోన్లలోనూ తిరిగింది. నాకూ మూడు గ్రూపుల్లో వచ్చింది. నేను తెరవలేదు. ఆఫీసులో ఒకళ్ళు "అసలు పార్కింగ్‌లో ఎవరైనా పిల్లల్ని పడుకోబెడతారా" అన్నారు. హైదరాబాద్ మే ఎండలో నీడ ఉన్నచోటల్లా కార్లు పెట్టాం కాబట్టి, ఇంకెక్కడ పడుకోబెడతారు అని నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది.

ఆ రాత్రి షీట్ తెరిచి ముప్ఫై రెండో వరస రాశాను. "బయటివాళ్ళకి" అని. నాలుగు గడులూ ఖాళీ.

నింపడానికి కొంత సమాచారం దొరికింది. యూరప్‌లో కార్లని గుద్దించి పరీక్షించే యూరో ఎన్‌క్యాప్ మొదటినుంచీ నడిచేవాళ్ళ సంగతి కూడా చూస్తుంది. తల నమూనాలనీ కాలు నమూనాలనీ బానెట్ మీదికీ బంపర్ మీదికీ విసిరి ఎంత దెబ్బ తగులుతుందో కొలుస్తారు. 2009 దాకా ఆ మార్కులు వేరేగా ఉండేవి. లోపలివాళ్ళకి అయిదు నక్షత్రాలు తెచ్చుకున్న కారు బయటివాళ్ళకి ఒక్కటే తెచ్చుకున్నా ప్రకటనలో అయిదే వేసుకునేవారు. 2009 నుంచి అన్నీ కలిపి ఒకటే రేటింగ్ ఇస్తున్నారు. 2018లో ఎక్స్‌సీ40కి పెద్దవాళ్ళ రక్షణలో 97 శాతం, నడిచేవాళ్ళ రక్షణలో 71. అదే ఏడాది క్యూ3కి 95, 76. నాలుగు కార్ల బ్రోషర్లూ నా దగ్గరున్నాయి, 76 అనే అంకె ఒక్కదాంట్లోనూ లేదు. మన దగ్గర భారత్ ఎన్‌క్యాప్ ఆ ఏడాది అక్టోబరులో మొదలైంది. అందులో నడిచేవాళ్ళకి కనీస ప్రమాణం ఒకటి పెట్టారు గానీ, మార్కులు వేసేది మాత్రం లోపల కూర్చున్న పెద్దలకీ పిల్లలకీ, సేఫ్టీ పరికరాలకీ.

వోల్వో సంగతి ఇక్కడ చెప్పాలి. 1959లో నీల్స్ బోలిన్ అనే ఇంజనీరు మూడు చోట్ల పట్టే సీటు బెల్టు చేస్తే, ఆ కంపెనీ పేటెంటుని మిగతా కంపెనీలన్నీ వాడుకోవడానికి వదిలేసింది. ఈ కథ ప్రతి కార్ల రివ్యూలోనూ వస్తుంది, రావాల్సిందే. అదే కంపెనీ 2012లో వి40 అనే కారుకి బయట ఎయిర్‌బ్యాగ్ పెట్టింది. ఎవరైనా కారు ముందు పడితే బానెట్ వెనక అంచు లేచి, అద్దం కింది భాగం మీద గాలి సంచీ విచ్చుకుంటుంది, తల అద్దానికి కొట్టుకోకుండా. సీటు బెల్టు ప్రపంచమంతా పాకింది. బయటి ఎయిర్‌బ్యాగ్ ఇప్పటికీ అరుదే. ఎందుకని? సీటు బెల్టు కట్టుకునేవాడే డబ్బు కట్టేవాడు. బయటి ఎయిర్‌బ్యాగ్ మీద పడేవాడు షోరూమ్‌కి రాడు.

ఈ దేశంలో బయటివాళ్ళు ఎంతమందో చూడండి. 2022లో మన రోడ్ల మీద 1,68,491 మంది చచ్చిపోయారు. ఇది కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 74,897 మంది టూవీలర్ల మీద వెళ్తున్నవాళ్ళు. 32,825 మంది నడుస్తున్నవాళ్ళు. ఇద్దరూ కలిస్తే మూడింట రెండు వంతులకి దగ్గర. మేం చూసే కారు బరువు పదిహేను వందల కిలోల పైన. మా తమ్ముడి యాక్టివా నూటపది కిలోలు.

*

ఫిలిప్పా ఫుట్ అనే ఇంగ్లీషు తాత్వికురాలు 1967లో రాసిన ఒక వ్యాసంలో బ్రేకులు లేని ట్రామ్ ఒకటుంటుంది. ఒక పట్టా మీద అయిదుగురు, ఇంకో పట్టా మీద ఒకరు. డ్రైవరు ఏం చేయాలి? ఆ ప్రశ్న మీద ఇన్నేళ్ళుగా పుస్తకాలు వస్తూనే ఉన్నాయి. నేను కూడా కాలేజీ రోజుల్లో హాస్టల్ మెస్‌లో ఈ ప్రశ్న మీద గొంతు చించుకున్నదాన్నే. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ట్రామ్ డ్రైవరుకి ఒక సెకను టైమే ఉంది. నాకు రెండు నెలలుంది. ఏసీ షోరూమ్, కాపచీనో, ఆరు టెస్ట్ డ్రైవులు. ఎవరికి ఎంత దెబ్బ తగలాలి అన్నదాంట్లో కొంత భాగాన్ని అక్కడ కూర్చుని, ఇంకా ఎవరూ పట్టాల మీద లేనప్పుడే, నేను నిర్ణయిస్తున్నాను. దాన్ని ఎవరూ నైతిక సమస్య అనరు. ఫైనాన్స్ ఆప్షన్ అంటారు.

2016లో బోన్‌ఫాన్, షరీఫ్, రహ్వాన్ అనే ముగ్గురు 'సైన్స్' పత్రికలో ఒక పరిశోధన వేశారు. డ్రైవరు లేని కార్లు రాబోతున్నాయి, తప్పనిసరైతే లోపలివాళ్ళని బలిచ్చి బయట ఎక్కువమందిని కాపాడే కారు మంచిదా, ఎలాగైనా లోపలివాళ్ళనే కాపాడే కారు మంచిదా అని అడిగారు. ఎక్కువమంది మొదటిదే మంచిదన్నారు. పక్కవాళ్ళు అలాంటివి కొంటే బాగుంటుందన్నారు. మరి మీరేది కొంటారంటే మాత్రం, లోపలివాళ్ళని కాపాడేదే. చదివి నవ్వొచ్చింది. తర్వాత నా షీట్ గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

మా ఆయనతో దీని మీద పెద్ద వాదనే అయింది. తను అన్నది కొట్టిపారేయలేను. "నడిపేవాళ్ళని బట్టి ఉంటది గానీ మోడల్‌ని బట్టి కాదు. ఇరవైలో పోతే ఏ కారైనా ఒకటే, ఎనభైలో పోతే ఆల్టో కూడా చంపుతది" అన్నాడు. నిజమే. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగు రెట్లు, ఇది స్కూల్లో చదువుకున్నదే. కానీ సెల్లార్లో నా వేగం సున్నా. అక్కడ లేనిది జాగ్రత్త కాదు, చూపు. పైగా మనిషిని బట్టే అయితే లోపలివాళ్ళ సేఫ్టీకి మాత్రం తొమ్మిది వరసలెందుకు? నా పిల్ల దగ్గరికొచ్చేసరికి ఎవరి డ్రైవింగ్‌నీ నమ్మను, నాది కూడా నమ్మను, స్టీలుని నమ్ముతాను. వాచ్‌మన్ పిల్లాడు మాత్రం నా డ్రైవింగ్‌ని నమ్ముకోవాలి.

తను అన్న రెండోది ఇంకా బరువైంది. "అందరూ పెద్దవే కొంటున్నరు. మనమొక్కళ్ళం చిన్నదాంట్ల ఉంటే, రేపు ఏదన్నా గుద్దితే పాపకు తగుల్తది. నీ నీతికి పాప ఎందుకు కట్టాలె?"

దీనికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ. అందరూ ఎత్తుగా కూర్చుంటే ముందున్నది కనపడటం లేదని ఇంకొంచెం ఎత్తుగా కూర్చోవాలి. సినిమా హాల్లో ముందువరస వాళ్ళు లేచి నిలబడితే వెనకంతా నిలబడాల్సిందే, చివరికి అందరికీ కనపడేది ముందు కనపడినంతే, కాళ్ళ నొప్పులు అదనం. హాల్లో అయితే కాళ్ళ నొప్పులతో పోతుంది. రోడ్డు మీద నిలబడలేని వాళ్ళున్నారు. అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీలు నడిపే ఐఐహెచ్‌ఎస్ అనే సంస్థ ఆ నవంబరులో దాదాపు 18,000 ప్రమాదాలు చూసి, బానెట్ ముందు అంచు 40 అంగుళాలు దాటిన బళ్ళు, 30 అంగుళాల లోపు ఉండి వాలుగా ఉన్నవాటికంటే నడిచేవాళ్ళ ప్రాణం తీసే అవకాశం దాదాపు 45 శాతం ఎక్కువని తేల్చింది. అక్కడి పికప్ ట్రక్కుల పక్కన మా నాలుగూ పసిపిల్లలే. కానీ ఏ ఏటికాయేడు పోతున్న దారి అటే.

*

చివరికి నాయిననే అడిగాను. ఆపరేషనయి పచ్చ అద్దాలు పెట్టుకుని బాల్కనీలో కూర్చున్నాడు. అడగడం కూడా సూటిగా అడగలేదు. "నాయినా, నిన్ను గుద్దినోడు కూడా పిల్లల కోసమే పెద్ద కారు కొనుక్కుని ఉంటడేమో" అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. అద్దాల వెనక కళ్ళు కనపడవు కదా, కోపమొచ్చిందేమో అనుకున్నాను.

"ఉంటడు" అన్నాడు. తర్వాత, "నేను ఇరవై ఏండ్లు బయట్నే ఉన్న బిడ్డా. ఆ రోడ్డు మీద లారీ పోతుంటే సైకిలు గాలికి ఊగుతది, ఎరుకనా? మీరు బయట ఉండొద్దనే కదా సదివించింది. ఇప్పుడు నువ్వు లోపల కూసుని బయటోళ్ళ గురించి దుఃఖపడితే నాకేం మంచిగనిపియ్యది. తీస్కో. తీస్కొని, ముందట చూసి తియ్యి."

దీన్ని క్షమాపణ అని తీసుకోవచ్చు. నాకలా తీసుకోవాలని లేదు. నాయిన నా తరఫున ఎవర్ని క్షమించగలడు? తనని గుద్దినవాణ్ణి క్షమిస్తే అది తన ఇష్టం. వాచ్‌మన్ కొడుకు విషయంలో ఆయన సంతకం చెల్లదు. ఇంకోటి కూడా అనిపించింది. నాయిన మాటలో నన్ను కుదిపింది ఆ లెక్క. ఒక తరం బయట దెబ్బలు తిని కూడబెట్టి తర్వాతి తరాన్ని లోపలికి ఎక్కించింది. కానీ లోపల అనేది ఉండాలంటే బయట ఎవరో ఉండాలి. మేం ఖాళీ చేసిన చోటు ఖాళీగా లేదు. పాలమూరు నుంచి వచ్చిన వాచ్‌మన్ కుటుంబం ఉంది అక్కడ, సరిగ్గా నా పార్కింగ్ స్లాట్‌కి ఎదురుగా, పదికి పది గదిలో. ఆ వాచ్‌మన్ కూడా కొడుకుని ఇంగ్లీషు మీడియం బడిలో వేయాలని చూస్తున్నాడు. వాడూ ఒకరోజు షీట్ వేసుకుంటాడు.

కారులో పోయేవాళ్ళంతా చెడ్డవాళ్ళని నేననను. అలా అన్నవాళ్ళ రాతలు చదివాను, వాళ్ళలో చాలామంది క్యాబ్‌లో తిరుగుతారు. నాకు అర్థమైంది ఇంతే: పోలిక అనేది నేను ఎక్కడ నిలబడ్డానో ఒప్పుకోకుండా జరిగే పని. నాలుగు కార్లని చూస్తున్న కన్ను ఎప్పుడూ స్టీరింగ్ వెనకే ఉంది. ఒక్కసారి, ఒక్క కారుని, ముందు గొంతుకూర్చుని చూసి ఉంటే షీట్‌లో వరసలు వేరేగా ఉండేవి. ఏ రివ్యూ చేసినాయనా ఆ కోణం నుంచి కెమెరా పెట్టలేదు. నేనూ కూర్చోలేదు. అది వాడొక్కడే చూశాడు, తన మొహం తప్ప ఇంకేమీ కనపడకుండా.

*

కొన్నాం. నాలుగిట్లో ఒకటి. ఏదో చెబితే ఇది రివ్యూ అయిపోతుంది. ముందు కెమెరా ఉన్న వేరియంటే తీసుకున్నాం, దానికోసం సన్‌రూఫ్ మీద పాప పెట్టుకున్న ఆశ కూడా తీరిపోయింది, రెండూ ఒకే ప్యాకేజీలో వస్తాయట. ఎత్తు తక్కువున్న సెడాన్ ఒకటి అదే డబ్బుకి వచ్చేది. దాన్ని నడిపి కూడా చూశాను. వద్దనుకున్నాను. కారణాలు చాలా చెప్పగలను. నిజమైన కారణం, అది నడుపుతున్నప్పుడు పక్కన లారీ వస్తే భుజాలు ముడుచుకున్నాయి. నాయిన భయం నా ఒంట్లో ఎక్కడో ఉంది, దాన్ని వాదించి గెలవలేకపోయాను. ముప్ఫై రెండో వరసలో అంకెలు నింపాను గానీ, మొత్తం కూడినప్పుడు దానికి ఎంత బరువివ్వాలో తేల్చుకోలేక ఫార్ములాలోంచి తీసేశాను.

రోజూ పొద్దున కారెక్కే ముందు చుట్టూ ఒకసారి తిరుగుతాను. ఇందులో గొప్పేం లేదు, ఊళ్ళో ట్రాక్టర్ డ్రైవర్లు ఎప్పుడూ చేసేదే. ఆలస్యమైన రోజు మర్చిపోతాను. మర్చిపోయిన రోజు ఆఫీసుకెళ్ళాక గుర్తొస్తుంది.

దసరాకి అందరం ఊరెళ్ళాం. నాయిన ముందు సీట్లో కూర్చున్నాడు. సీటు వెనక్కి జరిపి కుడికాలు చాపుకోగలిగాడు, దానికి సంతోషపడ్డాడు. తొడ కింద సపోర్టు బాగుందా అని అడిగితే, "అంటే?" అన్నాడు. చౌటుప్పల్ దాటాక నిద్రపోయాడు. నకిరేకల్ వస్తుండగా తనంతట తనే లేచాడు. ఇప్పుడక్కడ బడి కనపడదు, రోడ్డు వెడల్పులో గుర్తులన్నీ పోయాయి. ఎడమ పక్క గీత మీద ఒకాయన సైకిల్ మీద పోతున్నాడు, వెనక పచ్చిగడ్డి మోపు. మోపు వల్ల వెనక ఏముందో ఆయనకి తెలీదు. నేను హారన్ మీదికి చెయ్యి తీసుకెళ్ళాను.

"కొట్టకు" అన్నాడు నాయిన. "బెదురుతడు."

కాలు తీసేసి, ఆయన వెనకే కొంతదూరం నడిపాను. వెనక నుంచి లారీ వాడు నాకు కొడుతూనే ఉన్నాడు.